పిల్లగాడు ఇక్కడ.. వకీలు పట్నంల

మొన్న ఒక చెల్లె వచ్చి మా ఇంట్ల కూసున్నది. బీడీలు చేసి బతికే మనిషి. మొగడు నెల కింద నాలుగున్నరేండ్ల కొడుకును తోలుకపోయి వేరే జిల్లాల వాళ్ల అమ్మకాడ పెట్టిండు. "అక్కా, పట్నంల పెద్ద వకీలు ఉన్నడట. నలభై వేలు అడుగుతుండు. కమ్మలు అమ్మాల్నా?" అన్నది.

కమ్మలు అమ్మే ముందు ఒక మాట అడగాలె. పిల్లగాడు ఏ ఊర్ల పెరిగిండు? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం, పిల్లలు మామూలుగా ఉండే జాగా ఏ కోర్టు కిందికి వస్తదో ఆడనే కేసు వేయాలె. నిన్నమొన్న ఎత్తుకపోయినంత మాత్రాన ఆ కొత్త ఊరే పిల్లగాని ఊరు కాదని వాదించొచ్చు. దానికి సాక్ష్యం అంగన్‌వాడీ రిజిస్టర్ల, టీకాల కార్డుల ఉంటది. గవి పట్టుకొచ్చేటోడు జిల్లా కోర్టుల రోజూ తిరిగే వకీలే. పట్నం వకీలు ఒక వాయిదాకు వస్తడు, రెండోదానికి జూనియర్‌ను పంపుతడు, మూడోదానికి టైమ్ అడుగుతడు.

ఆ టైమే తల్లి కొంప ముంచుతది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేండ్లు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గరనే ఉండాలె. అన్నిటికంటె పిల్లల మేలే ముఖ్యమని కూడా అదే చట్టం చెప్తది. ఈ పిల్లగానికి అయిదు నిండేందుకు ఆర్నెల్లే ఉన్నయి. వాయిదాల మీద వాయిదాలు పడితే, 'పిల్లగాడు ఇక్కడ అలవాటు పడ్డడు' అని అవతలోళ్లు అంటరు. గందుకే మొదటి రోజే మధ్యంతర కస్టడీ పిటిషన్ వేసే వకీలు కావాలె. ఇంట్ల కొట్టుడు, తిట్టుడు ఉంటే 2005 గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ అడగొచ్చు.

మరి పైసలు? 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడోళ్లకు, పిల్లలకు ఆమ్దానీతో పనిలేకుండ ఉచిత వకీలును ఇయ్యాలె. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల దరఖాస్తు పెట్టుండ్రి, లేకుంటే 15100కు ఫోన్ కొట్టుండ్రి. ఫుకట్ వకీలు పట్టించుకోడని అంటరు. కొందరు అట్లనే ఉన్నరు, కాదనను. సర్కారు వాళ్లకిచ్చే ఫీజు కూడ అంతంతే. అయినా సరిగ్గ చూడకుంటే మార్చమని రాసియ్యొచ్చు. ఆ వకీలు మీ దగ్గర పైసలు అడగొద్దు.

పైసలిచ్చి పెట్టుకుంటే గివి అడగుండ్రి: ఈ కోర్టుల కస్టడీ కేసులు ఎన్ని నడిపిండ్రు? మీరే నిలబడతరా? ఫీజు మొత్తమా, వాయిదాకింతనా? రశీదు ఇస్తరా? 'నూటికి నూరు గెలుస్తం' అన్నోని కాడ ఆగకుండ్రి. అసలు కాయితాలు మీ తాననే పెట్టుకొని జిరాక్సులు ఇయ్యుండ్రి. ఫీజు బాకీ ఉన్నదని కేసు ఫైలు పట్టుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లనే చెప్పింది.

1987 చట్టంల ఉన్న హక్కు 2 దశాబ్దాలుగ బీడీలు చేసే మనిషికి తెల్వలేదంటే తప్పు ఆమెది కాదు. పథకాల ఫ్లెక్సీలు కట్టే సర్కారు, ప్రతి అంగన్‌వాడీ గోడ మీద 15100 నంబరు రాయించలేదా?

చెల్లె కమ్మలు అమ్మలేదు. జిల్లా కోర్టులనే మధ్యంతర పిటిషన్ పడ్డది. కొడుకు ఇంకా రాలేదు. వచ్చే పేషీకి ఆమె ఎంబడి నేను పోతున్న.