అడవికి మడి కట్టినవాళ్లు

పోయిన వారం హాస్టల్ మెస్సుల గురించి రాశాక కొందరు విద్యార్థులు, "ఈసారి కాస్త హాయిగా ఉండేది రాయండి సార్" అన్నారు. సరే, విహారయాత్ర గురించే రాస్తాను.

డిసెంబరు సెలవుల్లో కబిని వెళ్లాను. యూనివర్సిటీలో నాకంటే రెండేళ్లు వెనక చదివిన తమ్ముడొకడు ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "అన్నా, ఒక్కసారి మనం కూడా పోదాం" అన్నాడు. ఇద్దరం వాడలో పుట్టినవాళ్లమే. ఆ "మనం కూడా"లో ఏముందో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లలో చివరి బంతి దాకా ఎదురుచూసి తిన్న నాయనలకు పుట్టినవాళ్లం. మన పిల్లలు మంచి గదిలో పడుకుంటే, ఫొటో దిగి పెట్టుకుంటే నాకు సంతోషమే. విహారం ఎవడబ్బ సొత్తూ కాదు. అందుకే వెళ్లాను, తిన్నాను, పడుకున్నాను. ఇది పైనుంచి చెప్పే నీతి కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

నాగరహొళె అడవి అంచున, జలాశయం ఒడ్డున ఒక ఎకో లాడ్జ్. బయటికి మట్టిగోడ, గడ్డికప్పు. లోపల ఏసీ, మెత్తటి పరుపు. ఇద్దరికి ఒక రాత్రికి 25 వేలు. దిండు మీద ఒక కార్డు పెట్టారు. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే: మనిషి చేయి సోకని అడవికి స్వాగతం.

రాత్రి మంట వేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. "ఏ ఊరు తమ్ముడూ?" అని అడిగాను, నాకొచ్చిన నాలుగు కన్నడం ముక్కల్లో. నీళ్ల అవతల చీకటి వైపు చెయ్యి చూపించాడు. జేనుకురుబ పిల్లవాడు. జేను అంటే తేనె. వాళ్ల తాత హాడి ఆ అడవి లోపలే ఉండేదట. హాడి అంటే వాళ్ల గూడెం. ఇప్పుడు రోడ్డు పక్కన వరసగా కట్టిన ఇళ్లలో ఉంటున్నారు. దేవుళ్లూ పెద్దల సమాధులూ లోపలే ఉండిపోయాయి. పండక్కి దీపం పెట్టడానికి పోవాలన్నా గేటు దగ్గర అడగాలి. ఒకసారి పంపిస్తారు, ఒకసారి పంపించరు.

పొద్దున ఆరింటికి మా జీపు అదే గేటు దాటింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. దాటించింది టికెట్టు. జీపులో మాకిచ్చిన ఫ్లాస్కులో టీ పోసింది ఆ కుర్రాడే.

'చేయి సోకని' అనే మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి మాట దగ్గర ఆగిపోవడం అలవాటు. అంటు, సోకు, మైల, మడి. ఈ మాటల్ని మనం నిఘంటువులో నేర్చుకోలేదు, బావి గట్టు మీద నేర్చుకున్నాం. ఎవరి చేయి సోకితే నీళ్లు చెడతాయో, ఎవరి నీడ పడితే గుడి మైలపడుతుందో ఊరు నిర్ణయించింది. ఇప్పుడు అడవికి కూడా మడి కట్టారు. ఆ మడి ఎవరు సోకితే చెడుతుంది? డీజిలు జీపు సోకితే కాదు. ఈతకొలను సోకితే కాదు. తేనె తీసే చేయి, గడ్డ తవ్వే చేయి సోకితే చెడుతుంది. "మానవ జోక్యం తగ్గించాలి" అని రిపోర్టుల్లో రాస్తారు. అక్కడ మానవుడంటే ఆదివాసి. 25 వేలు కట్టిన నేను మానవుణ్ని కాదు, అతిథిని.

నాగరహొళె ఒకప్పుడు మైసూరు రాజుల వేటమైదానం. తర్వాత అభయారణ్యం అయింది, నేషనల్ పార్కు అయింది, పులుల రిజర్వు అయింది. పేరు మారిన ప్రతిసారీ లోపలివాళ్లు కొందరు బయటపడ్డారు. చాలామంది కొడగు కాఫీ తోటల్లో కూలీలయ్యారు. 1990లలో ఆదివాసులను బయటికి పంపుతూనే, అదే పార్కు లోపల మూర్కల్ దగ్గర తాజ్ గ్రూపుకు చెందిన కంపెనీకి రిసార్టు కోసం ప్రభుత్వం స్థలం ఇచ్చింది. ఆదివాసులు అడ్డం కూచున్నారు, కోర్టుకెక్కారు. 1997లో కర్ణాటక హైకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. అడవిని రిసార్టు నుంచి కాపాడింది ఎవరో గుర్తుపెట్టుకోండి. 2025 మే నెలలో యాభైకి పైగా జేనుకురుబ కుటుంబాలు తమ పాత హాడి జాగాకు తిరిగి నడిచి వెళ్లాయి. వాళ్లను ఆక్రమణదారులన్నారు. మమ్మల్ని పర్యాటకులన్నారు.

ఇది కర్ణాటక గొడవ మాత్రమే కాదు, నల్లమలదీ ఇదే కథ. అమ్రాబాద్ పులుల రిజర్వులో చెంచుల గూడేన్ని పెంట అంటారు. మైదానంలో పెంట అంటే మనకు తెలిసిన అర్థం చెత్తకుప్ప. ఒక జాతి తన ఊరికి పెట్టుకున్న పేరు మన నోట్లో తిట్టయింది. అడవిని తెలుగు సాహిత్యం ఎన్నిసార్లు వర్ణించలేదు! చెంచులక్ష్మిని నరసింహుడికిచ్చి పెళ్లి చేసి దేవుణ్ని చెంచులకు అల్లుణ్ని చేశాం. సినిమా తీశాం. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అన్నాం. చెంచుల ఆడపడుచు దేవుడికి పనికొచ్చింది. చెంచుల పెంట మాత్రం పులికి అడ్డమొచ్చింది.

అక్కడ పులి అడుగు చూసి వయసు చెప్పేదీ, బేస్ క్యాంపుల్లో కాపలా కాసేదీ చెంచులే. నిజాం వేటకు వచ్చిన ఫరహాబాద్‌కు ఇప్పుడు సఫారీ బండ్లు పోతున్నాయి. పెంటల్లో మాత్రం పునరావాసం మాట నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షలు, లేదా బయట ఇల్లూ భూమీ. లెక్క వేసి చూశాను. 15 లక్షలంటే నేను పడుకున్న గదిలో సరిగ్గా 60 రాత్రులు. తరతరాల అడవికి కట్టిన ధర, ఒక అతిథికి రెండు నెలల బస.

ఇది ఒకటి రెండు చోట్ల సంగతి కూడా కాదు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు రాసిన లేఖలో లెక్క ఉంది: పులుల ఆవాసాల లోపల 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు. వాళ్లను ఎప్పటికల్లా తరలిస్తారో చెప్పమని అడిగింది.

చట్టం ఏమంటోంది? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి. మనుషులూ జంతువులూ కలిసి బతకడం కుదరదని తేలాలి. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అలా ఖాళీ అయిన జాగాను తర్వాత ఇంకే అవసరానికీ మళ్లించకూడదు. అదే చట్టం కింద గూడేనికి బడో, అంగన్‌వాడీయో, రోడ్డో కావాలంటే ఒక హెక్టారులోపు జాగా, హెక్టారుకు 75 చెట్లు మించకూడదని పరిమితి ఉంది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. నిర్వహణ ప్రణాళికలో చేరిస్తే చాలు, ఎకో టూరిజం వసతులు 'అటవీయేతర' పని కావు. బడికి చెట్లు లెక్కపెట్టారు. కాటేజీని అడవిలో భాగం చేశారు.

"మరి పులి బతకొద్దా?" అంటారు. బతకాలి. కర్ణాటకలోనే బిళిగిరి రంగన కొండల్లో 2011లో సోలిగలకు పులుల రిజర్వు లోపలే సామూహిక హక్కులు వచ్చాయి. పులులు పారిపోలేదు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతామన్నప్పుడు ముందు నిలబడినవాళ్లలో చెంచులున్నారు. పులికీ చెంచుకీ తగాదా పెట్టిన మధ్యవర్తి ఎవరో మనం అడగాలి.

మనవాళ్లలోనే కొందరు ఇంకో మాట అంటారు. "అంబేద్కర్ ఊరు వదలమన్నాడు కదన్నా, వాళ్లు అడవి వదిలితే బాగుపడరా?" నిజాయితీ ఉన్న ప్రశ్న ఇది. బాబాసాహెబ్ వదలమన్న ఊరు మనది ఎప్పుడూ కాదు. అక్కడ మనకు బావి లేదు, భూమి లేదు, మర్యాద లేదు. మనం వదిలింది అవమానాన్ని. చెంచు వదలాల్సింది తన ఇంటిని. వదలాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది కూడా చెంచే. బడి కోసం, ఆసుపత్రి కోసం ఒక చెంచు యువతి అడవి దాటి వస్తానంటే ఆమెకు దారి ఇవ్వాలి. ఆమెను బయటికి నెట్టి, ఆమె గుడిసె నమూనాలో కాటేజీ కట్టి నాకు అద్దెకివ్వడం దారి ఇవ్వడం కాదు.

మా డిపార్ట్‌మెంటు విద్యార్థులు వచ్చే నెల మన్ననూరు టూరు అడుగుతున్నారు. కాగితం నా బల్ల మీదే ఉంది. సంతకం పెడతాను. పెంటల్లోకి పోయి చెంచులతో ఫొటోలు దిగే పని మాత్రం పెట్టను, అది ఇంకో సఫారీ. బదులుగా వెళ్లేలోపు ప్రతి ఒక్కరూ అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ పెట్టే దరఖాస్తులు చదవాలి. ఫారం 'బి' సామూహిక హక్కులకు, ఫారం 'సి' సామూహిక అటవీ వనరుకు. అక్కడ పనిచేస్తున్న చెంచు యువకులు పిలిస్తే, కాగితాలు రాసిపెట్టడానికి కూచోవాలి. మన చదువుకు అక్కడున్న పని అంతే.

ఆ పొద్దున జీపు దిగాక కుర్రాడు అడిగాడు, పులి కనపడిందా సార్ అని. లేదన్నాను. నవ్వాడు. అది ఎక్కడ నీళ్లు తాగుతుందో తనకు తెలుసట. లోపలికి పోనిస్తే చూపించేవాణ్ని అన్నాడు.

జై భీమ్.