మంచు ఎత్తి ఎక్కడ పోస్తావు?

ఈ నెల నీళ్ళ మోటారు మరమ్మతు సంగతి వ్రాస్తానన్నాను. పాఠకులు మన్నించాలి, దానిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. ఈలోగా మినియాపోలిస్ నుంచి మా మేనల్లుడు జాబు వ్రాశాడు. అక్కడ స్నేహితులతో కలిసి నాలుగు దుకాణాలున్న చిన్న భవనం కొన్నాడు. కార్లు నిలిపే ఆవరణలో మంచు తీయడానికి పాత స్కిడ్ స్టీర్ లోడరు ఒకటి కూడా కొన్నారట. "మామయ్యా, దీని ముందు తగిలించడానికి బ్లేడు కొనమంటావా, పుషరు కొనమంటావా, లేక మంచును విసిరే బ్లోయరా? జన్మంతా యంత్రాలతో గడిపినవాడివి గదా!" అని అడిగాడు.

చెన్నపట్నంలో చెమటలు కక్కుతూ మంచుకు సలహా చెప్పడమేమిటని మా ఇంటావిడ నవ్వింది. కాని మన సంఘంలో చలిదేశాల్లో పిల్లలు లేని ఇళ్ళెన్ని?

బండి మనకు కొత్తది కాదు. వరద తీశాక వీధుల్లో బురద ఎత్తే పొట్టి బండిని బాబ్‌క్యాట్ అంటారే, అదే ఇది. చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్కవి ముందుకూ, రెండో పక్కవి వెనక్కూ నడిస్తే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. 1957లో దీని తొలి రూపం చేసిన కెల్లర్ సోదరులది కూడా ఆ మినసోటాయే. మంచు కోసం కాదండోయ్, సీమకోళ్ళ కొట్టంలో పెంట ఎత్తడానికి!

కొత్తగా పడ్డ మంచు ఘనమీటరు 100 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. తడిసి అణిగితే 300, 400. మన తడి బురద 1,600కు పైమాటే. అందుకే మంచు తొట్టి అంత వెడల్పు. దానితో బురద ఎత్తబోతే బండి ముందుకు ఒరుగుతుంది. బ్లోయరుకు బరువొక్కటే కాదు, హైడ్రాలిక్ నూనె ప్రవాహమూ చూడాలి. మామూలు బండి నిమిషానికి సుమారు 60, 70 లీటర్లు ఇస్తుంది. పెద్ద బ్లోయర్లు 100కు పైగా అడుగుతాయి. అది చూడకుండా కొంటే డబ్బు మూలన పడుతుంది.

అసలు సంగతి జాబు చివర ఉంది. పోయిన జనవరిలో ఒక వృద్ధురాలు దుకాణం మెట్ల దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మంచు తీయకపోవడం వల్ల కాదు. తీసిన మంచును మెట్లకు ఎగువన గుట్ట పోశారు. పగలు అది కరిగి దిగువకు పారింది, రాత్రి గడ్డకట్టి గాజుపలక అయింది. ఇంకా బలమైన యంత్రముంటే ఇట్లా జరిగేది కాదని మావాడి నమ్మకం.

2015 డిసెంబరు వరదల తరువాత మా వీధిలో బురద ఎత్తించిన కంట్రాక్టరుకూ బండి మంచిదే ఉండేది. చక్కగా ఎత్తి, కాలువ ఒడ్డునే పోయించి వెళ్ళాడు. మరుసటి వానకు అంతా మళ్ళీ కాలువలోకే చేరింది.

కనుక ఇట్లా వ్రాశాను. "నాయనా, ముందు ఆవరణ పటం గీసి నీరు ఎటు పారుతుందో గుర్తు పెట్టు. పల్లాన ఖాళీ జాగా ఉంటే పుషరు చాలు. రెండు పక్కలా గోడలున్న పెట్టె వంటిది గనుక మంచును జారనీయక తోసుకుపోతుంది. పొడుగాటి దారి వెంట పక్కకు ఒత్తాలంటే ఏటవాలుగా తిరిగే బ్లేడు తీసుకో. వాలుగా తిప్పినప్పుడు కూడా అది చక్రాల వెడల్పును మించి ఉండాలి. తోయడానికి చోటే లేనప్పుడు బ్లోయరు. రోహ్‌తాంగ్ కనుమలో సరిహద్దు రోడ్ల సంస్థవారు మంచు కోసి విసిరే యంత్రాలు వాడేది అందుకే. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా మంచు గోడలు నిలుస్తాయి. ఏది కొన్నా, మంచు కింద దాగిన రాతిగట్టు తగిలితే వెనక్కు మడిగే అంచు ఉన్నది చూసి కొను, తోలేవాడి పళ్ళు మిగులుతాయి."

నిన్న ఫోను చేశాడు. పటం గీశాడట, పుషరు చాలునట. అయితే గుట్టను పల్లపు మూలకు మారిస్తే రెండు కార్ల జాగా పోతుంది, అందుకు భాగస్వాములు ఒప్పుకోవడం లేదట.

ఆ ముసలమ్మ ఇంకా ఆ దుకాణానికి వస్తున్నదా అని అడిగాను.

వస్తున్నదన్నాడు.