మన తాతల ముఖాలు లండన్ బీరువాల్లోనే ఎందుకుండాలె?

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ తెలుసు కదా. 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కు అదే వేదిక. దేశదేశాల ఫొటోగ్రాఫర్లు తీసిన బొమ్మలు అక్కడ గోడలెక్కుతయి. హైటెక్ సిటీ ఉద్యోగులు వారాంతంలో వచ్చి చూసి పోతరు. మంచిదే, ప్రపంచాన్ని చూడొద్దని ఎవరన్నరు? కానీ ఈ తెలంగాణ గడ్డ మీద మన పెద్దలను తీసిన ఫొటోలు ఎక్కడున్నయో ఆ నగరానికి తెలుసా? అసలు మనకు తెలుసా?

లండన్‌లో, సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ తీసినవి. వేలకొద్ది ఫొటోలు. నాగాలు, అపతానీలు, నేపాల్ షెర్పాలతో పాటు మన చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండులు ఆ బీరువాల్లోనే ఉన్నరు.

ఆయన్ను తిట్టేటందుకు ఇది రాస్తలేను. మార్లవాయిలో మనోళ్లతో బతికిండు, గోండు పంతుళ్లకు అక్కడ శిక్షణ బడి పెట్టించిండు. భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే. ఇప్పటికీ ఊరు ఆమెకు దండం పెడుతది. మర్యాద వేరు, హక్కు వేరు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోమని నిజాం సర్కారు ఆయన్ను పంపింది. తుపాకులు చూసిన ఊర్లకు కొద్ది కాలానికే సర్కారు మనిషి కెమెరా పట్టుకొస్తే "నా ఫొటో తియ్యకు" అనే ధైర్యం ఎవరికుంటది? ఎవరినన్న అడిగిన్రా?

ఇంకోటి, పేరు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషోళ్లు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాల ఫొటోలు అచ్చేసిన్రు. అందులో మనిషి మనిషి కాదు, కులానికో తెగకో నమూనా. ఆ అలవాటు ఇంకా పోలేదు. "గోండు స్త్రీ", "చెంచు వేటగాడు" అంటే సరిపోతదా? ఆమె ఎవరి బిడ్డ, ఏ గోత్రం, ఏ ఊరు?

"లండన్‌లో ఉండబట్టే బతికినయి, ఇక్కడైతే చెదలు తినేవి" అంటరు. నిజమే కావచ్చు. అయితే కాపాడినోడు యజమాని అయితడా? 1850లో అమెరికాలో రెంటీ, డెలియా అనే తండ్రీబిడ్డలను, బానిసలుగా ఉన్నోళ్లను, బట్టలిప్పించి ఫొటో తీసిన్రు. ఆ ఫొటోలు హార్వర్డ్ చేతిలో ఉండె. తన పూర్వీకులవి అని టమారా లానియర్ కోర్టుకెక్కింది. ఏండ్ల కొట్లాట తర్వాత 2025లో హార్వర్డ్ వాటిని వదులుకుంది. అంత పెద్ద సంస్థ దిగొచ్చింది, ఒక్క ఆడమనిషి అడిగితే!

మనం అసలు ఫొటోలు పంపమని కూడా అంటలేము. మంచి నకళ్లు మార్లవాయికి, జోడేఘాట్ మ్యూజియానికి, మాసబ్‌ట్యాంక్ గిరిజన మ్యూజియానికి రావాలె. ఫొటో కింద పేరు రాసే హక్కు ఆ ఊరిది కావాలె, గోండీలో రాయాలె. మాదాపూర్ గ్యాలరీలో ఒక గది ఇయ్యాలె, ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు అనేది మనోళ్లే తేల్చాలె. పూజల ఫొటోలు అందరికీ చూపెట్టేవి కావు.

ఇదంతా తీరిగ్గా చేసే పని కాదు. 1941లో పదేండ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటినయి. ఆ ముఖాలను గుర్తుపట్టే కండ్లు కొన్నే మిగిలినయి. గిరిజన సంక్షేమ శాఖ జవాబు వచ్చేదాకా అవి ఆగవు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐటీ కారిడార్‌లో పనిచేసేటోళ్లు మనలోనూ ఉన్నరు. సోయాస్ ఫొటోల్లో కొన్ని ఆన్‌లైన్‌లో కనబడుతయి. వచ్చే పండుగకు ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో పట్టుకపోయి ముసలోళ్లకు చూపెట్టున్రి. పేరు చెప్తే రాసుకోన్రి, గొంతు రికార్డు చెయ్యున్రి.