కడవకు చిల్లయితే బావిది తప్పా?

కర్నూలు, కడప పట్టణాల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కూతురో కోడలో లేని వీధి వెతికినా దొరకడం కష్టం. 2020లో కరోనా వచ్చి కంపెనీలు తలుపులు మూసి "ఇంటినుంచే పని చేయండి" అన్న దగ్గరనుంచి ఆ ఉద్యోగం ఏపాటి సుఖమో మనం కళ్లారా చూస్తూనే ఉన్నాం. అంతకుముందు ఏమనుకొనేవాళ్లం? బెంగుళూరులోనో హైదరాబాదులోనో చల్లటి గదిలో కూచుని మీటలు నొక్కుతారు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, అంతేగదా అనుకొనేవాళ్లం. తీరా చూస్తే రాత్రి పదింటికి, పిల్ల సంగటిముద్ద చిదిమి ఊరిబిండిలో అద్దుకోబోతూంటే ఫోను మోగుతుంది. బిల్డ్ సర్వర్ పడిపోయిందట! ముద్ద పళ్లెంలోనే ఉండిపోతుంది.

"ఎవురు పడిపోయినారు పాపా? దెబ్బలేమన్నా తగిలినాయా?" అని అవ్వ అడుగుతుంది. అందరూ నవ్వుతారు. ఆలోచించి చూస్తే ఆ రాత్రి సరయిన ప్రశ్న వేసింది అవ్వ ఒక్కతే. పడిపోయింది ఏది, తోసింది ఎవరు, దెబ్బ తగిలింది ఎవరికి? ఈ మూడూ అడిగే ఓపిక పెద్ద పెద్ద కుర్చీల్లో కూచున్నవాళ్లకు ఉండడం లేదు. నా పేచీ అంతా అక్కడే.

ఇంతకీ ఈ బిల్డ్ సర్వర్ ఏమిటంటారా? పెళ్లివారి వంటశాల అనుకోండి. ఒక పెద్ద ప్రోగ్రాము రాయడానికి యాభైమంది కూచుంటారు. కూరలు తరిగేవాళ్లు తరిగి, పిండి కలిపేవాళ్లు కలిపి తెచ్చినట్టు, ఎవరు రాసిన ముక్క వాళ్లు తెచ్చి అప్పజెబుతారు. ముక్క వచ్చినప్పుడల్లా దాన్ని మిగతావాటితో చేర్చి, వండి, ఉప్పు చాలిందో లేదో చూసి, "బాగుంది" అనో "మాడింది" అనో తనంతట తానే చెప్పే యంత్రం ఈ బిల్డ్ సర్వర్. కొహ్సుకే కవగుచి అనే జపాను ఆయన సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ 2004లో ఇందుకోసం హడ్సన్ అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నాక పేరు దగ్గర తగాదా వచ్చి, 2011లో అది జెన్కిన్స్ అయింది. ఈనాటికీ ఎన్నో కంపెనీల్లో గరిటె తిప్పుతున్నది ఈ జెన్కిన్సే. ఉచితంగానే దొరుకుతుంది. ఉచితమంటే ప్రోగ్రాము మాత్రమే సుమండీ! పొయ్యి, కట్టెలు, గిన్నెలు మనవే. అంటే ప్రాసెసరు, మెమరీ, డిస్కు. మూడింట్లో ఏ ఒక్కటి చాలకపోయినా వంట ఆగిపోతుంది.

ఆగినప్పుడు పైవాళ్ల దగ్గర ఉన్న మందులు రెండే. "ఆపి మళ్లీ వెయ్యండి" అన్నది మొదటిది. "ఇంకా పెద్ద మెషీను తీసుకోండి" అన్నది రెండోది. మొదటిది జ్వరమెందుకొచ్చిందో చూడకుండా బిడ్డను జోకొట్టడం. రెండోది, ఇంటికొచ్చేసరికి కడవ ఖాళీ అవుతోందని బావి లోతు చేయించడం. ఈ రెంటిలో దేనికీ చిల్లి ఎక్కడుందో వెతికే శ్రమ లేదు. అందుకే అవి అందరికీ అంత ముద్దు.

చిల్లి ఎక్కడుంటుందో చెప్పమంటారా? మన ఇళ్లల్లో ఉండేచోటే ఉంటుంది.

అటక సంగతి ముందు చూడండి. పాత బిల్డులను ఎన్నాళ్లు ఉంచాలో చెప్పకపోతే జెన్కిన్స్ తనంతట తాను ఏదీ పారెయ్యదు. నాలుగేళ్ల కిందటి వంట తాలూకు ఎంగిలాకులు కూడా భద్రంగా ఉంటాయి. డిస్కు నిండుతుంది. ఇన్నిటికి మించినవి తీసెయ్యమని ఒక గడిలో అంకె వేస్తే పోయేదానికి, కొత్త డిస్కుకు కాగితం పెడతారు.

తరవాత వీధికుళాయి. ప్రతి జట్టూ తన రోజువారీ పనిని సరిగ్గా అర్ధరాత్రి పన్నెండుకే పెడుతుంది. ఎవరికి వారు "ఆ వేళ ఎవరుంటారులే" అనుకొంటారు. ముప్ఫై పనులు ఒక్క నిమిషంలో లేచి బిందెలు పట్టుకొని వస్తే ఏ కుళాయి తట్టుకొంటుంది? దీనికి విరుగుడు జెన్కిన్స్‌లోనే ఉంది. వేళ రాసేచోట సున్నాకు బదులు హెచ్ అనే అక్షరం వేస్తే పనులను అదే వేరువేరు నిమిషాలకు సర్దుతుంది. ఒక్క అక్షరం, అమ్మా! దానికి ఎవరికీ తీరిక ఉండదు.

పని ముగిసినా పొయ్యి ఆర్పకుండా పోయేవాళ్లున్నారు. పరీక్షకోసం తెరిచిన బ్రౌజర్లు, డేటాబేసులు పని అయిపోయినా మూతపడక మెమరీని పట్టుకొని వేలాడుతూంటాయి. పెద్దకొడుక్కే అంతా వడ్డించే తల్లులున్నారు. జెన్కిన్స్ జావాలో రాసిన ప్రోగ్రాము. దానికింత మెమరీ అని కేటాయించి ఇస్తారు. అది చాలదన్నప్పుడల్లా కేటాయింపు పెంచుతూ పోతే, అదే మెషీను మీద అసలు వంట చేసే కంపైలర్ల విస్తట్లో ఏం మిగులుతుంది?

ఇక నిండుకడవను చూసి నీళ్లయిపోయాయని ఏడ్చేవాళ్లూ ఉన్నారు. లీనక్స్ మెషీనులో "ఫ్రీ" అనే అంకె చిన్నదయిందని గుండెలు బాదుకొంటారు. ఊరికే పడి ఉన్న మెమరీలో లీనక్స్ ఈమధ్య చదివిన ఫైళ్లను దాచుకొంటుంది. ఎవరయినా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. చూడవలసింది ఆ పక్కనే ఉన్న "అవైలబుల్" అనే అంకె. అది చూడకుండానే మెషీను చాలదని తీర్పు చెబుతారు.

అసలు దొంగే ఇంట్లో ఉంటే? జెన్కిన్స్ సర్వర్లలోకి దొంగచాటుగా చొరబడి మొనెరో అనే డిజిటల్ నాణేలు తవ్వుకొంటున్నారని 2018 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఎవరు ఎంత వాడుతున్నారో చూడకుండా పెద్ద మెషీను తెచ్చినవాళ్లు, దొంగకు రెండో విస్తరి వేసినట్టే గదా!

ఇప్పుడు దెబ్బ ఎవరికి తగిలిందో చూద్దాం. మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు లీనక్స్ ఏదో ఒక ప్రోగ్రామును చంపేసి ప్రాణం దక్కించుకొంటుంది. మామూలుగా ఎక్కువ మెమరీ పట్టుకొని కనబడేదాని మీదే వేటు పడుతుంది. తప్పు దానిదే కావాలని లేదు. గుట్టుగా చిల్లిపెట్టిన పది చిన్న పనులు బతికిపోతాయి. అందరికీ వడ్డిస్తూ నిలబడిన పెద్దది కూలిపోతుంది. ఇలాంటి న్యాయం మనకు కొత్తా? ఉమ్మడి కాపురాల్లో పెద్దకోడళ్లను అడగండి, చెబుతారు.

యంత్రానికి జరిగిందే మనిషికీ జరుగుతోంది. సర్వరు చూసుకొనే బాధ్యత ఆ పిల్లది. కాని ఏ జట్టు పనినీ ఆపే అధికారం ఆ పిల్లకు లేదు. "మీ పాత బిల్డులు తీసెయ్యండి" అని జాబు రాస్తే జవాబుండదు. "అర్ధరాత్రి పని రెండింటికి మార్చండి" అంటే "మా పని ముఖ్యం" అంటారు. పడిపోగానే మాత్రం, "నువ్వేం చూస్తున్నావు?" అని అందరూ ఆమెమీదే లేస్తారు. ఇంటి ఖర్చుకు జవాబు చెప్పవలసింది ఇల్లాలు, బీరువా తాళం ఇంకొకరి మొలలో అన్నట్టుంది యవ్వారం!

మన సీమలో పుట్టినవాళ్లకు ఈ సంగతి ఒకరు నేర్పాలా? కర్నూలు-కడప కాలువ చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కొన్నది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడపదాకా సుమారు మూడు వందల కిలోమీటర్లు పారవలసిన కాలువ. పైనున్న తూములు ఎవరు ఎప్పుడు ఎంత తెరుస్తున్నారన్న లెక్క తప్పితే, కాలువలోకి ఎన్ని నీళ్లు వదిలినా చివరి భూములకు తడి అందదు. సీమకు ఇంకా నీళ్లు కావాలన్నది న్యాయమైన మాటే, దాన్ని ఎవరూ కాదనరు. కాని చెరువు చిన్నదయినా పెద్దదయినా దానికింద నీరుగంటి అని ఒకడుండేవాడు. ఏ మడికి ఎంతసేపు అని వంతు వేసేవాడు. వంతు మించితే మడవ కట్టేవాడు. ఎంత ఆసామి అయినా ఆ పూటకు వాడి మాట వినవలసిందే. నీళ్ల విలువ తెలిసిన ఊళ్లు కనిపెట్టుకొన్న ఉద్యోగం అది.

దీనికి పైవాళ్ల జవాబు నాకు తెలుసు. "మెషీను చవక, మనిషి సమయం ఖరీదు. చిల్లులు వెతుకుతూ కూచొనేకన్నా పెద్దది తీసుకోవడమే లాభం" అంటారు. వినడానికి బాగానే ఉంది. ఏ మనిషి సమయం? పగలు కుర్చీలో కూచొనే ఆయన గంటకు లెక్కకట్టారు; రాత్రి రెండుకు లేచిన పిల్ల నిద్రకు ఏ కాగితంలో లెక్క రాశారు? పైగా ఈ మెషీన్లు చాలావరకు కొనేవి కూడా కావు, అద్దెవి. చిల్లి ఉన్నన్నాళ్లూ నెలనెలా అద్దె కట్టవలసిందే. సర్వరు పెద్దదయినకొద్దీ చెత్త కూడా పెద్దదవుతుంది. ఆరునెలలు తిరిగేసరికి మళ్లీ అదే ఫోను.

అద్దె కంపెనీ కడుతుంది, మనకేమంటారా? కరెంటు ఆకాశంనుంచి ఊడిపడదు. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర వేల ఎకరాల్లో అద్దాలు పరిచి 1000 మెగావాట్ల సౌరవిద్యుత్తు తీస్తున్నారు. కడప జిల్లాలో ముద్దనూరు థర్మల్ కేంద్రం బొగ్గుతోబాటు నీళ్లూ తాగుతుంది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో పెద్ద డేటా కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. రానీండి, పిల్లలకు ఉద్యోగాలొస్తే సంతోషమే. కాని ఎవరికీ అక్కరలేని బిల్డు నిమిషానికొకసారి ఉత్తపుణ్యానికి తిరిగితే, ఆ మేరకు ఎక్కడో ఎవరి భూమో, ఎవరి నీళ్లో ఖర్చయినట్టే. బిందెడు నీళ్లకు మైలు నడిచిన తల్లుల బిడ్డలం, మనం కూడా దీన్ని "చవక" అంటే ఎట్లా?

మెషీను నిజంగా చాలని రోజూ వస్తుంది. కుటుంబం పెరిగితే గిన్నె పెద్దది కావలసిందే. అప్పుడు కొనండి, తప్పకుండా కొనండి. ముందు ఒక వారం ఏ పని ఎంత మెమరీ, ఎంత డిస్కు, ఏ వేళ వాడిందో రాయించండి. ప్రతి పనికీ ఒక సొంతదారు పేరు పెట్టండి. సొంతదారు లేని పనిని ఆపి చూడండి. ఎవరూ అడగకపోతే అది ఎవరికీ అక్కరలేనిదే. అప్పటికీ చాలకపోతే అంకెలు చేతిలో పెట్టుకొని పెద్దది తెచ్చుకోండి.

మనలో ఒక విడ్డూరముంది. వంటింట్లో ఆడది గ్యాసు తగ్గించి, మిగిలిన అన్నం పారెయ్యకుండా, బకెట్టు నీళ్లు రెండు పనులకు వాడితే దాని పేరు పిసినారితనం. అదే పని ఆఫీసులో చేస్తే ఆప్టిమైజేషన్. దానికో బహుమతి, చప్పట్లు. పోనీ, ఆ పేరుతోనయినా చెయ్యనివ్వండి. మన పిల్లలకు వాళ్ల తల్లులనుంచి, అవ్వలనుంచి వచ్చిన విద్యే అది. వాళ్లకు కావలసింది పెద్ద మెషీను కాదు, తూము మూసే అధికారం. నీరుగంటి చేతికి పార ఇవ్వకుండా, పొలం ఎండిందని నీరుగంటినే తిట్టే ఊరు ఏ కాలంలోనూ బాగుపడలేదు.