ఎక్సెల్ షీటు దగ్గరే అసలు పోటీ

ఎస్‌ఏపీ, ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ తెలిసిన ఇంజినీర్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. అమీర్‌పేటలో కోర్సు, రాయదుర్గంలోనో మాదాపూర్‌లోనో ఉద్యోగం, వీలైతే ఆన్‌సైట్. వేలాది తెలుగు కుటుంబాలు ఈ దారిలోనే నిలదొక్కుకున్నాయి. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. బాధించేది మరొకటి. ఈ సాఫ్ట్‌వేర్లలో ఏ స్క్రీన్ ఉద్యోగిని విసిగిస్తుందో, ఏ రిపోర్టు అక్కరకు రాదో రోజూ చూసేది మనవాళ్లే. ఆ లోపాలకు అతుకులు వేసి గంటల లెక్కన బిల్లు చేయడంలో ఆరితేరాం. వాటినే ఆధారం చేసుకుని సొంత ప్రొడక్ట్ కట్టినవాళ్లు మాత్రం బహు తక్కువ.

ఈ దిగ్గజాలు ఎలా పుట్టాయో చూడండి. 1972లో ఐబీఎంను వదిలిన ఐదుగురు ఇంజినీర్లు జర్మనీలో ఎస్‌ఏపీ పెట్టారు. ఐసీఐ అనే రసాయనాల సంస్థకు చెందిన నైలాన్ ఫ్యాక్టరీ వారి తొలి కస్టమర్. సొంత కంప్యూటర్ లేకపోవడంతో ఆ కస్టమర్ కంప్యూటర్ మీదే ప్రోగ్రాములు రాశారు. ఒరాకిల్‌లో ఎదిగిన మార్క్ బెనియాఫ్ 1999లో సేల్స్‌ఫోర్స్ ప్రారంభించారు. పీపుల్‌సాఫ్ట్‌ను ఒరాకిల్ పట్టుబట్టి చేజిక్కించుకున్నాక, దాని వ్యవస్థాపకుడు డేవ్ డఫీల్డ్ 2005లో అనీల్ భుస్రీతో కలిసి వర్క్‌డే పెట్టారు. లోపలి గుట్టు తెలిసినవాళ్లే బయటికొచ్చి పోటీకి దిగారు.

అదే వర్క్‌డేకి, ఎస్‌ఏపీకి, ఒరాకిల్‌కి ఇప్పుడు మన ఊరి డార్విన్‌బాక్స్ పోటీ ఇస్తోంది. 2015లో జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది తదితరులు మొదలుపెట్టిన ఈ హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2022 జనవరిలో యూనికార్న్ అయింది. 2025 మార్చిలో మరో 14 కోట్ల డాలర్లు సమీకరించింది. హెచ్‌ఆర్ విభాగం కంప్యూటర్‌ను కాక సామాన్య ఉద్యోగి చేతిలోని ఫోన్‌ను దృష్టిలో పెట్టుకోవడం దాని బలం. 2010లో సుధీర్ కోనేరు స్థాపించిన జెనోటి దారి వేరు. ఈఆర్‌పీ, అంటే సంస్థ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, అమ్మే పెద్ద కంపెనీలు పట్టించుకోని సెలూన్లు, స్పాలను ఎంచుకుని 2020లో ఆ సంస్థ కూడా యూనికార్న్ అయింది.

మరి కొత్తగా దిగే డెవలపర్ ఎక్కడ వెతకాలి? నా జవాబు ఒక్కటే. పెద్ద సాఫ్ట్‌వేర్ పక్కన ఎక్సెల్ షీటు ఎక్కడ బతుకుతోందో అక్కడ. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో తరచూ జరిగేదే తీసుకోండి. తోటివాడు రాకపోవడంతో ఒక కార్మికుడు రెండో షిఫ్టు కూడా చేస్తాడు. ఆ మార్పు ఈఆర్‌పీకి ఎక్కదు. సూపర్‌వైజర్ కాగితం మీద రాసుకుంటాడు. టైమ్ ఆఫీసు గుమస్తా నెలాఖరున దాన్ని ఎక్సెల్‌లో కొట్టి అప్‌లోడ్ చేస్తాడు. ఒక్క వరుస తప్పిందా, ఆ కార్మికుడి ఓటీ డబ్బు పోయినట్టే. దాని కోసం అతను హెచ్‌ఆర్ గది ముందు నిలబడాలి. కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ ఉన్న చోటే ఇది జరుగుతోంది. పైగా 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి వేతనం నిర్వచనమే మారింది. పీఎఫ్, ఈఎస్ఐ, రాష్ట్రానికో తీరుగా ఉండే వృత్తి పన్ను సరేసరి. వీటి లోతుపాతులు తెలిసినవాడికి ఇంతకంటే మంచి అదను ఉండదు.

అలాగని ఈఆర్‌పీని పీకేసి నాది పెట్టండి అంటే కంపెనీ ఐటీ వ్యవహారాలు చూసే ఏ సీఐఓ ఒప్పుకోడు. ఏళ్ల తరబడి పోగైన డేటా అందులో ఉంది. లైసెన్సు ధరలో ఏటా సుమారు 22 శాతం సపోర్టు ఫీజు కడుతూ కూడా కంపెనీలు కదలనిది ఆ భయంతోనే. కాబట్టి పక్కన చేరి, ఆ ఒక్క షీటును మాయం చేసి, లెక్క తప్పదని నిరూపించుకోవాలి. ఏఐ పుణ్యమా అని ఇవాళ చిన్న బృందం కూడా వారాల్లో అప్లికేషన్ తయారు చేయగలదు. కానీ జీతాల రోజు రాత్రి లెక్క తేడా వస్తే ఫోన్ ఎత్తేదెవరన్నదే కొనేవాడి ప్రశ్న. దానికి జవాబు ఉన్నవాడిదే ఆర్డర్.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు చట్టం కూడా తెలుసుకోవాలి. భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక పోటీ వ్యాపారం చేయకూడదనే షరతు సాధారణంగా చెల్లదు. అయితే విధుల్లో భాగంగా రాసిన కోడ్‌పై, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదే. అనుభవాన్ని తీసుకెళ్లొచ్చు, కోడ్‌నూ క్లయింట్ రహస్యాలనూ కాదు.

ఇక బయటికొచ్చేవారికి ఆసరా సంగతి. రాయదుర్గంలో 2022 జూన్‌లో స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ కొత్త భవనం తెరుచుకుంది. చోటుంది, సలహాదారులున్నారు. కొరత తొలి కస్టమర్‌కే. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ షరతుల నుంచి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో సడలింపు ఉంది. ఆ సడలింపు కాగితం మీదే ఆగకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వాలూ, ఇక్కడి ఫార్మా, సిమెంట్ కంపెనీలూ ఏడాదికి ఒక్క విభాగంలోనైనా స్థానిక సాఫ్ట్‌వేర్‌కు పైలట్ ఇవ్వాలి. ఉచితంగా కాదు, డబ్బు చెల్లించి.