మంత్రసానికి వారసురాలు ఎవరు?



ఒకప్పుడు మన ఇళ్ళలో పురుడు పోసిన మంత్రసాని నేడు దాదాపుగా కనుమరుగైనది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుతున్నది. ఇది సంతోషించదగిన మార్పే. అయితే నూటికి 42 కాన్పులు సిజేరియన్లేనని కూడా ఆ సర్వేయే చెబుతున్నది. జనాభా మొత్తం మీద సిజేరియన్లు నూటికి పదిని మించిన తరువాత, ఆ పెరుగుదల వలన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. తల్లిని ఆసుపత్రి గడప వరకు చేర్చగలిగాము. నొప్పులు పడే ఆ గంటలలో ఆమె చెంత ఓపికగా నిలిచే శిక్షితురాలిని మాత్రం తగినంతగా సమకూర్చుకోలేదు.

ఈ శిక్షణ విలువ నిమిషాలలో తేలుతుంది. బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి ఆక్సిటోసిన్ సూది ఇవ్వాలి. గర్భాశయం గట్టిపడినదా, రక్తస్రావం హద్దు మీరుతున్నదా అని కనిపెట్టి ఉండాలి. ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. ఇవి పుస్తకం చదివితే వచ్చే విద్యలు కావు, పెద్దల పర్యవేక్షణలో కాన్పులు చేసి చేసి చేతికి అబ్బవలసినవి.

మన ప్రాంతానికి ఈ అవసరం మరింత ఎక్కువ. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల నుండి కూలి కోసం బెంగళూరుకు వలస వెళ్ళే గర్భిణికి నాలుగవ నెల పరీక్ష ఇక్కడైతే, ఏడవ నెల పరీక్ష ఎక్కడో తెలియదు. ధర్మవరం మగ్గాల ఇళ్ళలో నెలలు నిండుతున్నా పని ఆగదు. హిందూపురం వైపు కన్నడం మాట్లాడే తల్లులూ ఉన్నారు. వీరి భాష, బ్రతుకు ఎరిగిన స్థానిక యువతియే వీరికి తగిన నర్సు.

దారి లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌ల తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇందుకు 18 నెలల శిక్షణతో మార్గదర్శకాలు వెలువరించినది. ధర్మవరం చెంత బత్తలపల్లిలో ఆర్.డి.టి. సంస్థ ఆసుపత్రితో పాటు నర్సింగ్ పాఠశాలనూ నెలకొల్పినది. ప్రపంచమంతటా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉన్నదని 2021 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక తెలిపినది. ఆ కొరతతో అధికంగా బాధపడుతున్నవి ఆఫ్రికా దేశాలు. అక్కడి పల్లె తల్లి కష్టము, మన పల్లె తల్లి కష్టము వేరు కావు.

"డాక్టరు చేయవలసిన పని నర్సుకు అప్పగించడమా?" అని కొందరు అడుగుతారు. కాదు. సహజ కాన్పును సహజంగా సాగనిచ్చి, ప్రమాద సూచన కనబడగానే డాక్టరును పిలవడమే మిడ్‌వైఫ్ పని. ఆమె ఉన్నచోట డాక్టరు, తన అవసరం నిజంగా ఉన్న తల్లిపై దృష్టి నిలపగలడు.

కనుక నా అభిప్రాయం ఇది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి వార్డులు స్థానిక నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణాలయాలు కావాలి. అర్హతకు కొలమానం హాజరు పట్టీ కారాదు, స్వయంగా చేసిన కాన్పులు కావాలి. శిక్షణ ముగిసిన వారిని రిజిస్టర్లు నింపడానికి కాక, కాన్పు గదిలోనే నియోగించాలి.

మీరు చేయగలిగినదీ ఉన్నది. నర్సింగ్ చదవాలనుకునే పేదింటి అమ్మాయికి ఫీజు కట్టండి. మీ ఊరికి వచ్చిన నర్సుకు అద్దెకు ఇల్లు ఇవ్వండి, రాత్రివేళ తోడు వెళ్ళండి. ముహూర్తం చూసి సిజేరియన్ కోరకండి. దానధర్మాలు చేసే చేయి గుడి గోపురంతో పాటు కాన్పు గదిని కూడా గుర్తుంచుకుంటే, ఆ పుణ్యం రెండు ప్రాణాలను నిలబెడుతుంది.