ఇల్లు మీది భాయ్, పర్దా మాది



"రాత్రి పదిన్నరకు మీ ఇంటికొచ్చింది ఎవరమ్మా?"

చిత్తూరులో మేం బాడుగకున్నప్పుడు ఇంటి ఓనరు ఒక పొద్దున ఫోన్ చేసి అడిగిన సవాల్ ఇది. వచ్చింది నా సొంత మామూ. అమ్మీని వేలూరు ఆస్పత్రిలో చూపించి, తిరిగొస్తూ మందుల చీటీ నాకిచ్చి, కప్పు చాయ్ తాగి వెళ్లిపోయాడు. అదే చెప్పాను. "సరేలే, ఊరికే అడిగా. మీ ఆయన ఊళ్లో లేడు కదా, మా జిమ్మేదారి" అన్నారాయన. ఫోన్ పెట్టేశాక నాకు అర్థమైంది, నేను ఏ తప్పూ చేయకుండానే సొంత మామూ గురించి సఫాయీ ఇచ్చుకున్నానని.

మా ఆయన అప్పటికి రెండేళ్లుగా కువైట్‌లో ఉన్నారు. ఓనరు మనవాడే. ఐదు పూటలా నమాజీ. మొదట గేటు దగ్గర ఒక కెమెరా పెట్టారు. బండ్లలో పెట్రోల్ పోతోందని అందరం సంతోషించాం. తర్వాత మెట్ల మలుపులో రెండోది వచ్చింది. అది సరిగ్గా మా గుమ్మాన్ని చూస్తుంది. తలుపు తీస్తే హాలు, దాని వెనుక వంటింటి పర్దా దాకా పడుతుంది. వరండాలో మేం వజూ చేసే కొళాయి, బట్టలు ఆరేసే దండెం, అన్నీ అందులోనే. ఆ వీడియో ఆయన ఫోన్‌లో, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌లో కూడా కనబడేది. ఒకసారి ఆయన కోడలు ప్రేమగానే అంది: "మీ పాప కొత్త ఫ్రాకు బాగుంది, కెమెరాలో చూశా." ఆమె తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నేను గుమ్మం ఊడ్చడానికి కూడా బుర్ఖా వేసుకోవడం మొదలుపెట్టాను. వజూ బాత్రూమ్‌లోకి మారింది. ఎండాకాలంలో కరెంటు పోయినా తలుపు తీయడం మానేశాం.

ఇంకోసారి పలమనేరులో అత్తగారింటికి వెళ్లి మూడు రోజులకు తిరిగొస్తే బాత్రూమ్‌లో కొత్త కొళాయి బిగించి ఉంది. పాతది కారుతోందని నేనే చెప్పి ఉన్నాను. మంచి పనే. కానీ ఆ బాత్రూమ్‌కు మా బెడ్‌రూమ్ దాటే వెళ్లాలి. ఇంకో తాళంచెవి ఓనరు దగ్గరుందని ఆ రోజే తెలిసింది.

"అడగొచ్చు కదా?" అని మీరు అంటారు. అడగలేకపోయాను. ఆ ఇల్లు దొరకడానికి ముందు ఎన్ని గేట్ల దగ్గర నిలబడ్డానో నాకే తెలుసు. "టు లెట్" బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు బాగానే మాట్లాడతారు. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది. మరికొందరు "మాంసం వండుతారా?" అని అడిగి ఊరుకుంటారు. చివరికి మన మొహల్లాకే రావాలి, మనవాళ్ల ఇంట్లోనే చేరాలి. ఆ మజ్బూరీ ఓనర్లకు తెలుసు. పైగా ఓనరు మనవాడైతే ఎదురు చెప్పడం మరీ కష్టం. పెద్దాయన ముందు నోరెత్తిందని మొహల్లా అంతా నా గురించే మాట్లాడుతుంది. బయటివాళ్లు మనల్ని శక్‌తో చూస్తే బాధపడతాం, ఇన్సాఫ్ కావాలంటాం. మన బిల్డింగులో మనమే ఇంకొకరిని అదే శక్‌తో చూస్తే దాన్ని జిమ్మేదారి అంటాం. నా షికాయత్ అక్కడే.

మన దీన్‌లో ఇది కొత్త మసలా కాదు. ఇతరుల ఇళ్లలోకి ఇజాజత్ అడిగి, సలాం చెప్పి తప్ప అడుగు పెట్టొద్దని, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలని సూరె నూర్ హుకుం. అదే సూరాలో ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత ఇంట్లోని పిల్లలు కూడా అడిగే లోపలికి రావాలని ఉంది. కన్నబిడ్డకే మూడు వేళల్లో ఇజాజత్ కావాలంటే ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచిన కన్నుకు అక్కర్లేదా? సూరె హుజురాత్ తజస్సుస్‌ను, అంటే ఇంకొకరి గుట్టు వెతకడాన్ని, సాఫ్‌గా మనా చేసింది. దానికి ముందే బద్‌గుమానీని మనా చేసింది. ఓనరు ఫోన్ కాల్‌లో ఆ రెండూ ఉన్నాయి.

సహీ బుఖారీలో ఒక హదీస్ ఉంది. ఒకతను రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం గారి హుజ్రాలోకి తలుపు రంధ్రంలోంచి తొంగిచూశాడు. ఆయన చాలా సఖ్త్‌గా మందలించి, ఇజాజత్ అడగమన్నదే చూపు వల్ల అని తెలిపారు. అంటే కాలు లోపల పెట్టకపోయినా చూపు వెళ్తే చొరబడినట్టే. గోడ మీద బిగించిన కెమెరా చేసేది ఇదే కదా.

హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు వాకియా ఉలమా బయాన్లలో మీరూ వినే ఉంటారు. ఒక ఇంట్లో గుట్టుగా తప్పు జరుగుతోందని ఖలీఫా గోడ దూకి వెళితే ఆ ఇంటతను జవాబిచ్చాడు: నేను ఒక గునాహ్ చేస్తే మీరు మూడు చేశారు, తజస్సుస్ చేశారు, తలుపు గుండా రాలేదు, ఇజాజత్ తీసుకోలేదు అని. ఖలీఫా తప్పు ఒప్పుకుని వెళ్లిపోయారు. నా తరఫున అలా జవాబిచ్చే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది.

ఇక ఖానూన్ సంగతి. ప్రైవసీ కథలో మన తెలుగు జడ్జి ఒకరున్నారు. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని ఇంటిమీద నిగ్రానీ పెట్టి రాత్రిళ్లు తలుపు కొట్టేవాళ్లు. సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టేసింది గానీ ప్రైవసీ అనే హఖ్ రాజ్యాంగంలో లేదంది. జస్టిస్ కోకా సుబ్బారావు గారు మాత్రం అది మనిషి ఆజాదీలో భాగమేనని విడిగా రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం 2004 నాటి తీర్పు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన కేసు అది. కాగితాలు బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన ఖాతాదారు ప్రైవసీ పోదని, ప్రైవసీ మనుషులకు సంబంధించింది గానీ స్థలాలకు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. దీన్ని మన గుమ్మానికి అన్వయించుకోండి. గోడ ఓనరుది, గోడ లోపల ఉన్న మనిషి ఇజ్జత్ మాత్రం ఆ మనిషిదే.

ఇవన్నీ సర్కారుతో నడిచిన కేసులు అనొచ్చు. సరే, కోల్‌కతాలో అన్నదమ్ములు కలిసి ఉండే ఒక ఇంట్లో ఒకరు రెండోవారి రజామందీ లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టారు. అది ప్రైవసీకి విరుద్ధమని, వాటిని నడపొద్దని కలకత్తా హైకోర్టు చెప్పింది. 2025లో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. ఇంట్లో హక్కున్న తోబుట్టువుకే ఇలాగైతే బాడుగకిచ్చిన ఓనరు సంగతి ఆలోచించండి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం బాడుగ కడుతూ షరతులు పాటించే మనిషి ఏ ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించొచ్చు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఓనరు లోపలికి రావాలంటే కారణం చెప్పి 24 గంటల ముందు తెలియజేయాలంటుంది. అది నమూనాయే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కానీ అగ్రిమెంటులో ఆ ఒక్క వాక్యం రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఇక స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి ఏకాంతంలో ఆడవాళ్లను చాటుగా చూసినా, చిత్రీకరించినా అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు.

ఓనర్ల మాట కూడా వినాలి. దొంగతనాలు అబద్ధం కాదు. జీవితమంతా గల్ఫ్‌లో కష్టపడి కట్టుకున్న ఇల్లు, చూసుకోవాలనే ఫికర్ ఉంటుంది. అందుకే నేను గేటు కెమెరాకు వ్యతిరేకం కాదు. దొంగ వచ్చేది గేటు నుంచి. గుమ్మం ఎదుట పెట్టిన కెమెరా దొంగకంటే ఎక్కువ మమ్మల్నే చూస్తుంది. "తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?" అని కొందరంటారు. మరి మీ వంటింటి ఎదుట నేనొక కెమెరా పెడతాను, ఒప్పుకుంటారా భాయ్?

ఇంతదాకా కిరాయాదార్‌గా మాట్లాడాను. ఇప్పుడు నా మాట. గత ఏడాది అల్లాహ్ కరంతో మేం చిన్న ఇల్లు కట్టుకున్నాం. మిద్దె మీది పోర్షన్ ఒక చిన్న కుటుంబానికి ఇచ్చాం. ఆ అమ్మాయి భర్త కూడా సౌదీలోనే. మా ఆయన కువైట్ నుంచి పట్టుబట్టి గేటుకు కెమెరా పెట్టించారు. ఒక రాత్రి పైన ఏదో చప్పుడు. ఎవరొచ్చారో చూద్దామని నా వేలు ఫోన్ మీదికి పోయింది. చూశాను కూడా. ఆమె అన్న, చేతిలో టిఫిన్ క్యారియర్. పొద్దున్నే ఆమెకు ఫోన్ చేసి అడగలేదు, అంతే తేడా. మా ఓనరు మీద ఇన్నేళ్లు పెట్టుకున్న కోపం ఆ రాత్రి నాకే సిగ్గుగా అనిపించింది.

అందుకే బాడుగకిచ్చే ప్రతి ఇంటికీ నా గుజారిష్ ఇది. కెమెరా ఎక్కడుందో, ఏం పడుతోందో, ఎవరి ఫోన్‌లో కనిపిస్తుందో ఇల్లు ఇచ్చేముందే చెప్పండి. గుమ్మం, దండెం, వజూ కొళాయి అందులో పడొద్దు. ఇంకో తాళంచెవి ఉంటే దాచొద్దు, అడగకుండా వాడొద్దు. తేడా వస్తే మాట్లాడటానికి మస్జిద్ కమిటీలో ఒక పెద్దమనిషితో పాటు ఒక ఆపాను కూడా పెట్టండి, ఎందుకంటే ఈ మాటలు ఆడవాళ్లు మగవాళ్ల ముందు చెప్పలేరు.

మరుసటి రోజు నేను పైకి వెళ్లి తలుపు కొట్టి, సలాం చెప్పి, నా ఫోన్‌లో కెమెరా తెరిచి ఆ అమ్మాయికి చూపించాను. ఆమె కాసేపు చూసి, మొహమాటంగా అంది: "ఆపా, కొంచెం ఇటు తిప్పిస్తారా? పై మూలలో మా కిటికీ పడుతోంది."

నాకు అప్పటిదాకా అది కనబడనే లేదు.